శిలాజములు - జపాను మసికుంచె



నేటి ప్రసంగమున రెండు వస్తువులను గూర్చి చెప్పదలచితిని. మొదటిది శిలాజము. పూర్వయుగములందు జీవించిన జంతువుగాని, వృక్షముగాని మట్టిలో కప్పబడి, కాలక్రమమున రాయిగా మారి నిలిచినయెడల దానిని శిలాజమందురు. రెండవది జపానుదేశపు మసిచిత్రము. రంగులతో పనిలేక, నల్లని మసియు, నీరును, కుంచెయు, కాగితమును మాత్రము గొని చేయు చిత్రలేఖనమది. దానిని ఆ దేశమువారు 'సుమి-ఎ' యని పిలుతురు. సుమి యనగా మసి. ఎ యనగా చిత్రము. ఈ రెండింటిని ఒక్కచోట చేర్చి, మసికుంచెతో శిలాజములను చిత్రించుట నేను చాలకాలముగా చేయుచున్న పని. అది యెట్లు చేయవలయునో, ఏల చేయవలయునో, అందులోని కష్టమేమో మీకు విన్నవించెదను.

శిలాజమనగానే అది మన మెన్నడును చూడని వింతయని తలపనక్కరలేదు. మీలో పెక్కుమంది యిండ్లయందు దేవతార్చన పెట్టెలో సాలగ్రామమున్నది. నేపాళదేశమున ముక్తినాథక్షేత్రమునకు సమీపమున ప్రవహించు కాళీగండకీనదిలో అది లభించును. పెక్కు సాలగ్రామములందు కానవచ్చు చక్రములు అమ్మొనైటు అను సముద్రజీవి గుల్ల విడిచిన ముద్రలు. నత్తగుల్లవలె చుట్టలు చుట్టుకొనియుండు ఆ జీవి, నేటి సముద్రములలోని ఎనిమిది చేతుల ఆక్టోపసునకు దూరపు బంధువు. హిమాలయములు తలయెత్తకముందు అచ్చట సముద్రముండెను. 14 కోట్ల యేండ్లకు పూర్వము ఆ గుల్లలు ఆ సముద్రపు బురదలో దిగబడి, నల్లరాతిలో నిలిచిపోయినవి. ఈ సంగతి తెలిసినందున పూజకు లోపమేమియు రాదు. భక్తుడు ఆ రేఖయందు విష్ణుచక్రమును చూచును. భూగర్భశాస్త్రజ్ఞుడు గతించిన సముద్రమును చూచును. ఇరువురు చూచు రేఖ యొక్కటే. ఆ రేఖను ఉన్నది ఉన్నట్లు కాగితముమీదికి దించుట చిత్రకారుని వంతు.

చచ్చిన ప్రతి ప్రాణియు శిలాజము కాదు. కోటికొక్కటియైనను అగునో కాదో. మాంసము కుళ్లిపోవును, నక్కలు, పురుగులు తినిపోవును, వానయు, ఎండయు ఎముకలను పొడిచేయును. ఏ వరదయో వచ్చి వెంటనే ఒండ్రు కప్పినప్పుడు మాత్రమే గుల్లయో, ఎముకయో, ఆకుముద్రయో మిగులును. ఆ మిగిలినదానిలోనికి ఖనిజములు కలిసిన నీరు మెల్లమెల్లగా చొచ్చి, సందులు నింపి, దానిని రాయిచేయును. పిమ్మట భూమి కదలుటచేతను, నదులు కోయుటచేతను ఆ రాయి పైకి వచ్చునప్పటికి అది పగులును, అరుగును, సగము పోవును. కావున శిలాజము సామాన్యముగా పూర్ణవస్తువు కాదు. ఒక పెద్ద గ్రంథమున చిరిగి మిగిలిన నాలుగు తాటాకులవంటిది. ఈ యొక్క మాటను మీరు మనసున నుంచుకొనవలయును; నేను చెప్పబోవునదంతయు దీనిమీదనే నిలిచియున్నది.

ఇక మసి సంగతి. మన యిండ్లలో ఆముదపు దీపముపై మూకుడు బోర్లించి కాటుక పట్టుట మీరెరిగినదే. జపానువారి మసి పుట్టుకయు అట్టిదే. నారా యను పురాతన నగరమున వరుసగా నూనెదీపములు వెలిగించి, ప్రతి దీపముపైన మట్టిమూత నిలిపి, ఆ మూతకు పట్టిన మసిని దులిపి తీయుదురు. దానిలో పశుచర్మమునుండి కాచిన జిగురును కలిపి, పిండివలె మర్దించి, కొయ్య అచ్చులలో నొత్తి, నెలలకొలది ఆరబెట్టి, కడ్డీలు చేయుదురు. ఆ నగరమున 1577వ సంవత్సరమున స్థాపితమైన కోబాయెన్ అను మసి అంగడి నేటికిని ఆ పనిని సాగించుచున్నది. నూనెదీపపు మసి కొంచెము గోధుమఛాయ గలది. దేవదారు జాతి కట్టెలను కాల్చి పట్టిన మసి కొంచెము నీలిఛాయ గలది. వాడుకలో నున్నవాడు చూడగనే భేదము పట్టును.

ఆ కడ్డీని వాడు విధము మనము గంధము తీయు విధమువంటిది. సానవంటి నల్లని రాతిపలకపై కొన్ని చుక్కల నీరు వేసి, కడ్డీని నిలువుగా పట్టి, బలము చూపక మెల్లగా అరగదీయుదురు. తొందరపడినచో మసి గరుకగును. కుంచె వెదురు పిడికి మేక, గుఱ్ఱము మొదలగు జంతువుల వెండ్రుకలు కట్టినది. లావుగా నీరు త్రాగి, కొనయందు మాత్రము సూదివలె నిలుచును. కాగితము కోజో యను చెట్టు బెరడునారతో చేసినది. దానికి పటికయు జిగురును పూయనియెడల, అది నీటిబొట్టును తాకినంతనే పీల్చును. ఇచ్చటనే యీ విద్యయొక్క కాఠిన్యమంతయు నున్నది. పలకమీద బలపముతో వ్రాసినదానిని తుడువవచ్చును. తైలవర్ణచిత్రమున తప్పుమీద మరియొక పూత పూయవచ్చును. జపాను కాగితముపై మసిరేఖ పడినచో అది పడినదే. కుంచె ఎచ్చట తడబడెనో, ఎచ్చట అనవసరముగ నిలిచెనో, కాగితము యావత్తు చెప్పివేయును.

మసికి ఐదు రంగులున్నవని చీనా, జపాను చిత్రకారులు చెప్పుకొందురు. నీటిపాలు మారినకొలది కాటుకనలుపు మొదలు తెల్లవారు మంచువంటి బూడిదఛాయవరకు ఒకే కడ్డీనుండి వచ్చును. వీటన్నిటికిని మించిన రంగు మసి తాకని కాగితపు తెలుపు. సెష్షూ అను బౌద్ధభిక్షువు (1420-1506) ఆ దేశపు మసిచిత్రకారులలో అగ్రగణ్యుడు. ఆయన 1495లో ఒక చిత్రము గీసెను. దూరమున చూచినచో నాలుగు మసిమరకలు చిమ్మినట్లుండును. దగ్గర చూచినచో కొండయు, చెట్లును, వాటిక్రింద ఒక సత్రమును, నీటిపై పడవయు తోచును. పడవక్రింది నీటిని ఆయన గీయనేలేదు. తరువాతి శతాబ్దపువాడైన హసెగావా తోహాకు (1539-1610) మంచులోని దేవదారుచెట్లను పెద్ద తెరలజంటపై చిత్రించెను. అందు చెట్లకంటె ఖాళీయే ఎక్కువ. ఆ ఖాళీయే మంచు. ఈ రెండు చిత్రములును తోక్యో జాతీయ ప్రదర్శనశాలయందున్నవి.

పూర్వపు మసిచిత్రకారులు ముఖ్యముగా వెదురును, చేమంతిని, పక్షులను, కొండలను, మహనీయులను గీసిరి. రాళ్లయెడల ఆ దేశమువారి ప్రీతి వేరొక దారిని నడచెను. ఓమి ప్రాంతమున కివుచి సెకితేయి (1725-1808) యను రాళ్ల ప్రియుడొకడు వేలకొలది వింతరాళ్లను కూడబెట్టి, వాటినిగూర్చి 'ఉంకొన్షి' యను గ్రంథము రచించెను. మొదటి భాగము 1773లో వెలువడెను. ఆ పేరునకు మేఘమూలముల వృత్తాంతమని యర్థము. రాళ్లనుండియే మబ్బులు పుట్టునని ప్రాచీన చీనావారి భావన. అందు శిలాజములను గూర్చియు, వాటి బొమ్మలును కలవు. అమ్మొనైటును జపానుభాషలో చేమంతిరాయి యందురు. హొక్కైదో ద్వీపపు జనులు దానినే గుమ్మడిరాయి యనుట కలదు. మసికుంచెతో శిలాజమును ముఖ్యవస్తువుగా గీయుట మాత్రము మన కాలపు చిత్రకారులు తొక్కుచున్న బాట.

ఇక్కడ మీకొక సందేహము కలుగవచ్చును. శాస్త్రజ్ఞులు శిలాజమును కొలిచి, చుక్కలు పెట్టి, గీతలు గీసి బొమ్మ వేయించుకొందురు, ఛాయాచిత్రములు తీయుదురు, పిమ్మట ఈ కుంచె యెందులకు అని. శాస్త్రజ్ఞుని బొమ్మకు నా చిత్రము బదులు కాజాలదు. వారి బొమ్మలో వెలుతురు ఎడమవైపు పైభాగమునుండి పడవలయునని మర్యాద గలదు, కొలత తప్పరాదు, విరిగిపోయిన భాగమును ఊహించి గీయవలసివచ్చినచో చుక్కలగీతతో చూపవలయును. ఛాయాచిత్రము రాతిమరకను, గుల్లరేఖను ఒకే విధముగా పట్టును. ఏది ప్రాణిదో ఏది రాతిదో చెప్పదు. మసిచిత్రకారుడు కాగితమును తాకుటకు ముందే ఆ వివేచన చేసియుండవలయును. తుడుపునకు చోటు లేనందున అతడు గంటసేపు చూచి క్షణమున గీయును. ఆ చూపులో అలవడు శ్రద్ధయే ఈ విద్యవలన మొదటి లాభము. రెండవ లాభము, శాస్త్రగ్రంథము తెరువని సామాన్యుడు సయితము చిత్రమును చూచి, ఈ రాయి ఒకప్పుడు ఈదినదికదా యని ఒక నిమిషము నిలుచుట.

చూచినదానిని దిద్దరాదనుటకు జపానుదేశపు ఒక శిలాజమే మంచి నిదర్శనము. 1904లో యాబే హిసాకత్సు అను శాస్త్రజ్ఞుడు హొక్కైదోలో దొరకిన ఒక అమ్మొనైటును వర్ణించి, దానికి నిప్పొనైటిస్ మిరాబిలిస్ అని నామకరణము చేసెను. నిప్పొన్ అనగా జపాను. మిరాబిలిస్ అనగా అద్భుతమైనది. తక్కిన అమ్మొనైటులు చుట్టకుదురువలె చక్కగా చుట్టుకొనియుండగా, ఇది పామును పట్టి ముడివేసినట్లు ముందుకు, వెనుకకు, ప్రక్కకు వంపులు తిరిగియుండెను. ఇది యొక జాతి కాదనియు, ఏదో రోగముచేత వంకరపోయిన ఒక్క జీవియనియు కొందరు తలచిరి. పిమ్మట అదే విధముగా వంపులు తిరిగిన మరికొన్ని దొరకినవి. 1980ల దశకమున ఒకామోతో తకాషి యను శాస్త్రజ్ఞుడు గణితముచేత లెక్కగట్టి, ఆ గుల్ల పెరుగుదలలో ఒక నియమమున్నదని చూపెను: జీవి నీటిలో తన నోటిని అనువైన దిక్కునకు నిలుపుకొనుటకై పెరుగుచు పెరుగుచు మలుపు మార్చుకొనెను. 9 కోట్ల యేండ్లనాటి ఆ వంకర నిజమైన వంకర. జపాను శిలాజశాస్త్ర సంఘమువారు నేడు దానినే తమ చిహ్నముగా గ్రహించియున్నారు. ఆ వర్ణన వెలువడిన అక్టోబరు 15వ తేదిని 2018 నుండి శిలాజదినముగా జరుపుచున్నారు. ఆ రాతిని మొదట గీసిన చేయి, ఇది బాగులేదని తలచి చుట్టను కాస్త సరిచేసియుండినయెడల, ఎంత సత్యము మాసిపోయెడిదో ఆలోచింపుడు.

ఇక గీయు క్రమము. ఒక సామాన్యపు అమ్మొనైటునే తీసికొందము. మొదట రాతిని ఏటవాలు వెలుతురులో నుంచి నలుదిక్కుల త్రిప్పి చూతును. ఉదయపు ఎండ కిటికీనుండి ప్రక్కగా పడినప్పుడు, మధ్యాహ్నమున కనబడని పక్కటెముకలవంటి గట్లు నీడలు విడిచి పైకి లేచును. చుట్టలెన్ని, గట్లు ఎచ్చట దట్టములు, ఎచ్చట పలుచన, ఎచ్చటినుండి విరిగినది, విరుగుడు పాతదా కొత్తదా యని నోటితో చెప్పుకొందును. పిమ్మట మూడు చిన్న పళ్లెములలో పలుచని మసి, నడిమి మసి, చిక్కని మసి సిద్ధము చేయుదును. తడిగానున్నప్పుడు మసి నల్లగా కనబడి, ఆరినపిమ్మట తేలిపోవును. కనుక తోచినదానికంటె ఒక పాలు చిక్కగా కలుపవలయును.

పెద్ద కుంచెను ముందు నీటిలో ముంచి పిండి, పలుచని మసిని నిండుగ త్రాగించి, సగమువరకు నడిమి మసిలో ముంచి, కొనకు మాత్రము చిక్కని మసిని అంటింతును. కుంచెను ప్రక్కకు వాల్చి, కొన చుట్టల నడిబొడ్డువైపు నుండునట్లు పట్టి, నోటినుండి లోపలికి ఒకే ఊపున చుట్టను త్రిప్పెదను. కొన తాకినవైపు నలుపుగాను, పిడివైపు పలుచగాను పడుటచేత, ఆ యొక్క రేఖయే గుండ్రని గొట్టమువలె ఉబ్బి కనబడును; వేరుగ నీడలు పూయనక్కరలేదు. మన ముగ్గువేయు స్త్రీలు చుక్కలచుట్టు పిండిని జారవిడుచునప్పుడు చేయి నిలుపకుండుట చూచియున్నారుకదా, అట్లే ఇచ్చటను. నడుమ నిలిచి ఆలోచించినచో ఆ నిలిచినచోట మసి పొంగి మచ్చయగును.

ఈ రేఖ సగము ఆరినపిమ్మట చిన్న కుంచెను నిలువుగా పట్టి, చిక్కని మసితో గట్లను వేయుదును. ప్రతి గట్టును లోపలి అంచున ఒత్తి మొదలిడి, వెలుపలి అంచుకు పోవుచు తేల్చి ఎత్తవలయును. ముందే వేసినచో తడిలో కలిసి చెదరును. ఆలస్యమైనచో పైన అంటించినట్లుండును. ఆ నడిమి వేళను గడియారము చెప్పదు. కాగితపు మెరుపు తగ్గుటనుబట్టి కన్ను చెప్పవలయును. గుల్ల చుట్టునున్న గరుకు రాతికి కుంచెను దాదాపు పొడిగా పిండి, వెండ్రుకలు విడదీసి, కాగితముమీద ఈడ్తును. అప్పుడు మసి అంటియు అంటక, రాతి గరుకుదనము దానియంతట అదియే వచ్చును. గుల్ల విరిగినచోట నా రేఖయు తెగును. అవతల తెల్లకాగితమే. అచ్చట చుట్ట యిట్లుండియుండునని నాకు తెలియవచ్చును. ఆ తెలిసినదానిని కాగితమునకు చెప్పను.

జపాను చిత్రములందు ఒక మూలను చిత్రకారుని పేరును, ఎఱ్ఱని ముద్రయు, కొన్నిట ఒక పద్యమును ఉండుట వాడుక. నేను పద్యమునకు బదులు, రాయి దొరకిన యూరు, పొలముయొక్క గుర్తు, దొరకిన దినము, దాని వెడల్పు ఎన్ని అంగుళములో వ్రాయుదును. చిత్రము బాగుండినను బాగుండకున్నను ఈ నాలుగు మాటలు పనికివచ్చును.

రాతిని కాగితముమీదికి దించుటకు మరియొక ఉపాయమును ఆ దేశమువారికి తెలియును. చెక్కిన రాతిపై తడికాగితము పరచి, మెత్తగా అదిమి, ఆరుచుండగా మసి గుడ్డతో తట్టినచో, ఎత్తుభాగములు నలుపుగాను లోతులు తెలుపుగాను వచ్చును. మన దేవాలయములలో శాసనములను పరిశోధించువారు ఇట్లు ప్రతులు తీయుట మీలో కొందరు చూచియుందురు. జపాను జాలరులు పట్టిన చేపకు మసి పూసి కాగితముపై అచ్చు తీయుటయు కలదు. ఆ ముద్రలో చేప కొలత అబద్ధమాడదు. అయినను శిలాజములయెడల ఈ ఉపాయము జాగ్రత్తతో వాడదగినది. కొన్ని శిలాజములు తడి తగిలినంతనే పొరలు పొరలుగా రాలును. మసి పట్టినచో మరల పోదు. కనుక నేను రాతిని తాకక, కంటితోనే పని చేయుదును.

గుల్లకంటె ఆకు ఈ కుంచెకు మరింత యిష్టమైనది. మన సింగరేణి బొగ్గుపొరలతో కూడియున్న రాళ్లలో గ్లాసోప్టెరిస్ అను ప్రాచీనవృక్షపు ఆకుల ముద్రలు కలవు. ఆ పేరునకు నాలుక ఫెర్ను అని యర్థము. నడుమ ఒక ఈనె, ఇరుప్రక్కల వలవంటి సన్నని ఈనెలు. 25 కోట్ల యేండ్లకు పూర్వము ఆ వనములు చిత్తడినేలలలో పడి క్రుళ్లి, అణగి, బొగ్గైనవి. ఆ ఆకును గీయునప్పుడు కుంచెను కొననుండి ఒత్తి, నడుమ వెడల్పుచేసి, చివర ఎత్తినచో ఒకే వ్రేటున ఆకు ముగియును. ఇందొక విశేషమున్నది. రాతిమీద మిగిలిన ఆకు నలుపు కర్బనము. నా కుంచెలోని మసియు దీపమునుండి పుట్టిన కర్బనమే. ఒక చెట్టుయొక్క మసితో మరియొక చెట్టును గీయుచున్నాను.

ఇంక మన గోదావరీతీరపు సంగతికి వచ్చెదను. ప్రాణహిత గోదావరిలో కలియు లోయయందు కోటా శిలలని పిలువబడు రాతిపొరలు కలవు. వాటిలో 16 కోట్ల యేండ్లకు పైబడిన రాక్షసబల్లుల ఎముకలు దొరకినవి. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన శాస్త్రజ్ఞులు 1960, 1961 ప్రాంతముల సుమారు 300 ఎముకలను త్రవ్వితీసిరి. అవి కనీసము ఆరు జంతువులకు చెందినవి; రాయియైన పెద్ద చెట్లమ్రానులతో కలిసి పడియుండెను. 1975లో ఆ జంతువునకు బారపాసారస్ టాగోరీ అను పేరిడిరి. వంగభాషలో బడా పా అనగా పెద్దకాలు. టాగోరీ యనునది రవీంద్రనాథ ఠాకూరు పేర. త్రవ్వకము జరిగిన 1961 ఆయన శతజయంతి సంవత్సరము. ఇదే శిలలలో, నాటి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి వద్ద దొరకిన వేరొక జంతువునకు 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరిడిరి. దాని అస్థిపంజరము హైదరాబాదునందలి బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలుపబడినది. పల్లెయొక్క పేరు ప్రపంచపు శాస్త్రగ్రంథములలో శాశ్వతమైనది.

ఈ రెండు మహాజంతువులకును ఒక లోపమున్నది. కొన్ని పండ్లు తప్ప, వాటి తలలు దొరకలేదు. ప్రదర్శనశాలయందు తల లేని పంజరమును నిలిపినచో చూచువారికి వెలితిగా నుండును. కనుక సాటిజంతువులనుబట్టి తలను ఊహించి అమర్చుదురు. అందు తప్పులేదు, ఊహ యని ప్రక్కన వ్రాసినచో. పిల్లల పుస్తకములందును, గోడబొమ్మలందును ఆ వ్రాత ఉండదు. తలయు, కన్నులును, చర్మపు రంగును సమస్తము ఒకే ధైర్యముతో గీయబడియుండును. బాలుడు అంతయు దొరకినదనియే తలచును. రేపు ఎవడైన గోదావరిగట్టున నిజమైన తలను చూచినను, అది యిదివరకే తెలిసినదికదాయని దానిని దాటిపోవును. మసిచిత్రమున నేను బారపాసారస్ మెడను వెన్నుపూస వెంబడి వెన్నుపూసగా గీయుచు పోయి, ఆధారము ముగిసినచోట కుంచెను ఎత్తెదను. మెడ తెల్లని కాగితములోనికి, తోహాకు చెట్టు మంచులోనికి పోయినట్లు, పోవును. చూచినవారు తప్పక అడుగుదురు: తల యేది? దొరకలేదు, వెదకవలసియున్నది అని చెప్పుదును. ఆ ప్రశ్న పుట్టించుటకే ఆ తెలుపు.

ఆ జంతువునకు రవీంద్రుని పేరుండుట కేవలము గౌరవార్థమే యైనను, మసికుంచె మన దేశమునకు వచ్చిన దారిలోను ఆయన యున్నాడు. జపాను పండితుడు ఒకాకురా 1902లో కలకత్తాయందు ఠాకూరుల కుటుంబముతో స్నేహము చేసెను. 1903లో యోకోయామా తైకాన్, హిషిదా షున్సో అను చిత్రకారులు వచ్చిరి. తైకాన్ తడికుంచెతో కాగితముపై పనిచేయుట చూచి అవనీంద్రనాథుడు తన చిత్రములను నీటిలో తడిపి రంగులు కరగించు పద్ధతిని కల్పించుకొనెను. రవీంద్రుడు 1916లో జపాను వెళ్లినప్పుడు అరాయి కాంపో అను చిత్రకారుని కలకత్తాకు పంపు ఏర్పాటు చేసెను. నందలాల్ బోసు మొదలగువారు ఆయనవద్ద కుంచెపట్టు విధము నేర్చిరి. ఆ వంగదేశపు పద్ధతి మనకు దూరముగా నిలువలేదు. బందరున 1910లో స్థాపితమైన ఆంధ్ర జాతీయ కళాశాలయందు ప్రమోదకుమార చటోపాధ్యాయుడు చిత్రకళ బోధించెను. అడవి బాపిరాజు ఆయన శిష్యుడు. నారానగరపు దీపపు మసియు, బందరు చిత్రశాలయు ఒకే త్రోవలోని మజిలీలు.

ఇట్టి సంగతులు పట్నపు పండితులకు చెప్పక పల్లెటూరి పెద్దలకు ఏల చెప్పుచున్నానని మీరనుకొనవచ్చును. శిలాజములు పట్నములలో దొరకవు. బావి త్రవ్వునప్పుడు, చెరువు పూడిక తీయునప్పుడు, వాగు గట్టు విరిగినప్పుడు, సున్నపురాయి కొట్టునప్పుడు అవి బయటపడును. మొదట చూచువాడు పండితుడు కాడు. 1968లో జపానునందలి ఇవాకీ ప్రాంతమున ఒక ఏటిగట్టున సుజుకి తదాషి యను ఉన్నతపాఠశాల విద్యార్థి కొన్ని ఎముకలను చూచి, తోక్యోలోని జాతీయ విజ్ఞాన ప్రదర్శనశాలవారికి తెలిపెను. అది పొడుగుమెడ గల సముద్రపు సరీసృపము. శాస్త్రజ్ఞులు నిదానించి పరీక్షించి 2006లో దానికి ఫుతాబాసారస్ సుజుకీ యని ఆ విద్యార్థి పేరు కలిపి నామకరణము చేసిరి. అతడు ఆనాడు రాతిని పగులగొట్టి తోటివారికి పంచియుండినచో ఆ జంతువు లేదు.

కావున నా మనవి యిది. ఆకుముద్రగల పలకయో, చుట్టలుగల రాయియో, ఎముకవంటి బరువైన రాయియో మీ పొలిమేరలో కనబడినచో దానిని కదల్పక, విరువక ఉంచుడు. దాని చోటే దాని సగము కథ; ఏ పొరలో నుండెనో తెలియనిచో వయస్సును చెప్పుట దుర్లభము. మీ ఊరి బడి ఉపాధ్యాయునిచేత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అను ప్రభుత్వశాఖకుగాని, దగ్గరి కళాశాలలో భూగర్భశాస్త్రము బోధించువారికిగాని ఒక జాబు వ్రాయింపుడు. జాబుతో ఒక బొమ్మను జతపరుపుడు. జపాను కాగితము అక్కరలేదు. దీపపు మసియు, పుల్లకు చుట్టిన దూదియు చాలును. అరచేతితోగాని, జానతోగాని కొలిచి ప్రక్కన వ్రాయుడు. కనబడిన గీతను గీయుడు. గీత తెగినచోట మీ చేయియు నిలుపుడు. అవతలిది మీ మనుమలలో ఎవరికో దొరకవలసియున్నదేమో, వారికై ఆ కాగితమును తెల్లగా విడిచిపెట్టుడు.